నివురుగప్పిన గుండె

తన గుండెలోకి ఎక్కించబోయే మందు కోసం ఆ ఉదయం సైక్లోట్రాన్‌ని ఇమ్మానుయేలు తన చేత్తోనే నడిపాడు. వద్దని డాక్టర్లన్నారు, భార్య అంది, కింద పనిచేసేవాళ్ళందరూ అన్నారు. "ఇన్నేళ్ళుగా నా మాట తప్ప ఇంకొకరి మాట వినని యంత్రం అది. ఇవాళే పరాయిచేతిలో పెడతానా?" అని నవ్వేసి, నడవాలో రెండుసార్లు గోడకి ఆనుకుని ఊపిరి కూడదీసుకుని, నేలమాళిగలోని కంట్రోల్ రూమ్‌కి చేరాడు.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న కొండవాలు మీద ఆ పరిశోధనాసంస్థ, దాని పక్కనే ఆసుపత్రి. సైక్లోట్రాన్ సుడులు తిప్పి విసిరిన ప్రోటాన్లు చెంచాడు నీళ్ళకి తగిలితే అందులో కాస్త రేడియోధార్మిక ఫ్లోరిన్ పుడుతుంది. పుట్టిన క్షణం నుంచే అది తరిగిపోవడం మొదలుపెడుతుంది. రెండు గంటలు తిరక్కముందే సగమైపోతుంది. ఆ లోపలే దాన్ని పైఅంతస్తుకి పంపాలి. అక్కడ సీసపు గోడల పెట్టెకి ఇవతల నిలబడి, మందపాటి గాజులోంచి చూస్తూ, యంత్రపు చేతులతో దాన్నొక కొవ్వు అణువు తోకకి అతికించాలి. ఆ పని సలోమిది. ఇమ్మానుయేలు భార్య ఆమె.

పెళ్ళయిన దగ్గర్నుంచీ వాళ్ళిద్దరి కాపురంలో సగం ఆ రెండు అంతస్తుల మధ్యే సాగింది. కింద ఆయన పుట్టిస్తాడు, పైన ఆమె పేరు పెడుతుంది అని తోటివాళ్ళు వేళాకోళమాడేవారు. ఆ రోజు మాత్రం ఇంటర్‌కమ్‌లో ఆయన గొంతు వినిపించగానే ఆమె చేస్తున్న పని ఆపేసింది.

"పంపించేశాను సలోమీ. ఇక నీ చేతిలో ఉంది."

"మీరు కుర్చీలోంచి లేవకండి. చక్రాల కుర్చీ పంపిస్తున్నాను," అంది ఆమె.

అంతకుముందు ఏడాది వానాకాలంలో ఇమ్మానుయేలుకి గుండెపోటు వచ్చింది. ప్రాణం దక్కింది కాని గుండె ముందు గోడ కదలడం మానేసింది. బైపాస్ చేస్తే ఆ గోడ మళ్ళీ కదులుతుందా అన్నది ఎవరూ చెప్పలేని ప్రశ్న. సర్జన్ డాక్టర్ తస్లీమ్ మొహమాటం లేని మనిషి. "కండరం బతికుండి రక్తం చాలక నిద్రపోతుంటే, నేను దాన్ని లేపగలను. చచ్చిపోయి మచ్చగా మారితే మాత్రం ఈయన్ని బల్ల మీద పడుకోబెట్టడం అంటే చేజేతులా చంపడమే. ఏదో నాకు తేల్చి చెప్పండి," అంది. తేల్చడానికి చక్కెర ట్రేసర్ ఉంది, ఒంట్లోకి ఎక్కించి అది చేరినచోటుని స్కానర్‌లో చూసే మందు. అయితే మధుమేహం ఉన్నవాళ్ళలో అది సరిగా పనిచెయ్యదు, బొమ్మంతా అలుక్కుపోతుంది. ఇమ్మానుయేలుకి ముప్పయ్యో ఏటినుంచే షుగరు.

అలాంటివాళ్ళ కోసమే సలోమి ఒక కొత్త అణువుని తయారుచేస్తూ వచ్చింది. నిద్రపోతున్న గుండెకణం ఇంచుమించు అన్ని వాకిళ్ళూ మూసుకుని, ఒక్క సన్నని సందులోంచి వచ్చే రవ్వంత ఇంధనంతో ప్రాణం నిలుపుకుంటుంది. సలోమి అణువు ఆ సందులోంచే లోపలికి దూరి, బయటికి రాకుండా అక్కడే ఉండిపోతుంది. అలా ఉండిపోవడమే దాని గొప్ప. దానివల్లే స్కానర్‌కి స్పష్టమైన బొమ్మ దొరుకుతుంది. జంతువుల మీద చూశారు, ఆరోగ్యవంతుల మీద చూశారు, అన్ని అనుమతులూ వచ్చాయి. రోగుల్లో నలుగురు ఒప్పుకున్నారు. ఆ నలుగురిలో ఇమ్మానుయేలు ఒకడు.

సూది పొడిచాక ఆయన్ని స్కానర్‌లోకి పంపారు. ఈ అధ్యయనాన్ని నడిపిస్తున్న డాక్టర్ వరహాలరావు తెర ముందు కూర్చున్నాడు. ఆయన వెనక సలోమి, తస్లీమ్. చీకటి తెర మీద ముందుగా గుర్రపునాడా ఆకారంలో గుండె అంచులు తేలాయి. తర్వాత, ఇన్నాళ్ళూ బూడిదరంగు తప్ప ఏమీ కనపడని ముందు గోడలో, చితుకులు అంటుకున్నట్టు ఒక్కొక్క చుక్కే వెలగసాగింది.

"బతికే ఉంది," అన్నాడు వరహాలరావు. రిటైరు కావడానికి దగ్గరపడిన మనిషి, కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "సలోమిగారూ, మొత్తం గోడ బతికే ఉంది."

సలోమికి ఏడుపు రాలేదు.  తస్లీమ్ కుర్చీ లాగి ఆమెని తెరకి దగ్గరగా కూర్చోబెట్టింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ భార్యాభర్తలు కూతురితో కలిసి బీచ్‌లో ఆగారు. కూతురు కెజియా డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. సైన్సు ఆమెకి పడదు, చరిత్ర విద్యార్థిని.

"డాడీ, మీ లోపల అసలేం వెలిగింది? మమ్మీ చెప్తే సగంలోనే నిద్రొస్తోంది," అంది.

ఇమ్మానుయేలు మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ దగ్గరికెళ్ళి, "అమ్మా, ఓసారి ఆ విసనకర్ర ఇస్తావా?" అని అడిగి తీసుకున్నాడు. కుంపటి అంచున నాలుగు బొగ్గులు తెల్లగా బూడిదై పడున్నాయి. "ఇవి బతికున్నాయా, చచ్చిపోయాయా?"

"చచ్చిపోయాయి."

ఆయన మెల్లిగా విసిరాడు. పైనున్న పొర ఎగిరి, లోపల ఎర్రగా కణకణలాడింది. "నివురు ఇది. కింద నిప్పుంది. డాక్టర్లకి ఇన్నాళ్ళూ నివురు మాత్రమే కనపడేది. మీ అమ్మ మందు వెళ్ళి కిందున్న నిప్పుని చూపించింది. అంతే."

అంతవరకూ ఒక పొడుగాటి అంకెతో పిలుచుకుంటున్న ఆ ట్రేసర్‌కి, సోమవారం నుంచి లాబ్‌లో అందరూ 'నివురు' అనే పేరు వాడటం మొదలుపెట్టారు.

ఆపరేషన్ వెంటనే జరగాల్సింది. ఇంతలో కొత్త చెప్పు కరిచి ఇమ్మానుయేలు కాలి మీద చిన్న పుండు లేచింది. షుగరు మనిషికి చిన్న పుండు అంటూ ఉండదు. అది చీము పట్టి, జ్వరం తెచ్చి, చీలమండ దాకా పాకింది. ఒంట్లో చీము పెట్టుకుని గుండె తెరవలేనంది తస్లీమ్. మందులతో, కట్లతో రెండు నెలలు గడిచిపోయాయి. ఆ రెండు నెలల్లోనే ఇమ్మానుయేలుకి మంచం దిగితే ఆయాసం, పడుకుంటే దగ్గు. పుండు కాస్త మానుముఖం పట్టాక, "కత్తి పట్టుకునే ముందు ఇంకోసారి బొమ్మ చూడాలి," అంది తస్లీమ్.

"మంచిదే. మా ఆవిడ పేపర్‌కి ఇంకో బొమ్మ," అన్నాడు ఇమ్మానుయేలు.

మళ్ళీ డోసు చేసింది సలోమి. మళ్ళీ ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. ఈసారి ముందు గోడ అరకొరగా వెలిగింది. నడుమ చాలా భాగం నల్లగా ఉండిపోయింది.

వరహాలరావు కళ్ళద్దాలు సర్దుకుని తెర మీదికి వంగాడు. చివరికి, "జబ్బు ముదిరింది. ఆలస్యమైంది కదా," అన్నాడు.

సలోమి తలూపింది గాని ఆ మాట ఆమెకి లోపలికి దిగలేదు. పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ పక్కపక్కన పెట్టుకుని ఆ రోజంతా చూస్తూ కూర్చుంది. జబ్బు ముదిరితే గోడ అంచులనుంచి తినుకుంటూ రావాలి. ఇక్కడ అలా లేదు. మొదటిసారి ఎక్కడ బాగా వెలిగిందో సరిగ్గా అక్కడే ఇప్పుడు చీకటి. ఎక్కడ మందు తక్కువ చేరిందో అక్కడ ఇంకా బతికుంది.

మిగతా ముగ్గురి సంగతి ఆలోచించింది. ఇద్దరికి స్కాన్ అయిన వారంలోనే ఆపరేషన్ చేశారు. ఇద్దరూ శుభ్రంగా లేచి తిరుగుతున్నారు. మిగిలింది బంగారమ్మ, అందరికంటే ఆఖర్న, ఈ మధ్యే స్కాన్ అయిన మనిషి. జాలారిపేటలో ఎండుచేపల వ్యాపారం చేసే మనిషి. చేపల వేట మీద నిషేధం ఎత్తేశారు, నాలుగు రోజులు బేరం చూసుకుని వస్తానని వెళ్ళి, ఇంతవరకూ ఆపరేషన్‌కి రాలేదు.

తన అనుమానాన్ని సలోమి ఎవరికీ చెప్పలేదు. ముందు తను తెలుసుకోవాలి. పంది గుండె కండరాన్ని పల్చని పొరలుగా కోసి, చిన్న గాజు పళ్ళేల్లో పోషకద్రవం పోసి అందులో ఉంచి, ఆక్సిజన్ తగ్గించి నిద్రపుచ్చింది. సగం పళ్ళేల్లో నివురు వేసింది. అందులో రేడియోధార్మికత లేదు, ఉత్త అణువే, అది కూడా మనిషికి ఎక్కించేటంత పలచనగా. మిగతా సగంలో ఏమీ వెయ్యలేదు. రోజూ ఉదయం ఇంట్లో ఇమ్మానుయేలు కాలికి కట్టు మార్చి, ఇన్సులిన్ ఇచ్చి, లాబ్‌కొచ్చి పళ్ళేలు చూసేది. మొదట్లో రెండింటికీ తేడా లేదు. వారం గడిచాక తేడా మొదలైంది. ఏమీ వెయ్యని పొరలు నిద్రపోతూనే ఉన్నాయి. నివురు వేసిన పొరలు ఒక్కొక్కటే పాలిపోయి విడిపోసాగాయి.

అణువు సందులో ఇరుక్కుపోయింది. మెలకువగా ఉన్న కణానికి పది వాకిళ్ళు ఉంటాయి గనక ఒకటి మూసుకున్నా లెక్కలేదు. నిద్రపోతున్నదానికి ఉన్నదే ఒకటి. లోపల ఎవరైనా ఉన్నారా అని తొంగి చూడ్డానికి వెళ్ళి, ఉన్న ఒక్క కిటికీకి అడ్డంగా నిలబడిపోయింది తన మందు.

జంతువుల మీద పరీక్షించినప్పుడు ఎందుకు తెలియలేదు? ఆరోగ్యంగా ఉన్న గుండెల్ని నెలలు చూశారు. నిద్రపుచ్చిన గుండెల్ని ఒక్క రోజే చూశారు. మందు ఎక్కడికి చేరిందో చూశారు. అది చేరాక కణం ఏమైందో చూడలేదు. చూడాలని ఎవరికీ తట్టలేదు, ఆమెకీ తట్టలేదు.

మిగిలిన కొన్ని పళ్ళేలకి ఆమె ఆక్సిజన్ తిరిగి ఇచ్చింది. అవి మేలుకున్నాయి. మూసుకున్న వాకిళ్ళు తెరుచుకుని, లోపలున్న అణువుని నెమ్మదిగా బయటికి నెట్టేశాయి. ఇంకా చావని పొరలన్నీ బతికాయి.

అంటే ఆపరేషన్ అయిన ఆ ఇద్దరూ అందుకే బతికారు.

మర్నాడు వరహాలరావు గదికి వెళ్ళేసరికి ఆయనే ముందు మాట్లాడాడు. "మీకోసమే అనుకుంటున్నా. బంగారమ్మ దొరికింది. రేపు రమ్మన్నాను. ఆవిడకీ రెండో స్కాన్ చేసేద్దాం. డోసు సిద్ధం చెయ్యండి."

"చెయ్యను," అంది సలోమి.

ఆయన తలెత్తి చూశాడు. ఆమె పళ్ళేల ఫోటోలు బల్ల మీద పరిచి ఉన్నదంతా చెప్పింది. ఆయన వింటున్నంతసేపూ చేతిలోని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"పంది కండరం, అదీ పళ్ళెంలో," అన్నాడు చివరికి. "ఒక్కసారి చేసిన ప్రయోగం. దీన్ని పట్టుకుని మనుషులకి ఏం చెప్తాం? ఒక నెల ఆగి ఇంకో రెండుసార్లు చేసి చూడండి. అప్పుడు అనుమతులిచ్చిన కమిటీకి పెడదాం."

"నెల ఆగితే బంగారమ్మకి మిగిలేదేమీ ఉండదు సార్."

"మీరు చెప్పింది తప్పైతే? అనవసరంగా ఆ మనిషిని భయపెట్టి, హడావుడిగా గుండె కోయించినవాళ్ళం అవుతాం."

"ఆవిడకి ఆపరేషన్ ఎలాగూ కావాల్సిందే కదా. నేను చెప్పింది తప్పైతే నెల ముందు జరుగుతుంది. నిజమైతే ఆ నెల ఆవిడ ప్రాణం."

వరహాలరావు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన మొహం ఒక్కసారిగా వడిలిపోయినట్టయింది. ఇంకో రెండేళ్ళలో దేశమంతా వాడతారని కలగన్న మందు అది. "నా ఉద్యోగంలో ఇదొక్కటే మిగులుతుంది అనుకున్నానమ్మా," అన్నాడు నెమ్మదిగా. ఎప్పుడూ 'గారూ' అని పిలిచే మనిషి అమ్మా అనేసరికి సలోమి తల దించుకుని ఫోటోలు సర్దింది. ఆయన లేచి ఫోన్ తీశాడు. "కమిటీకి నేను చెప్తాను. అధ్యయనం ఇవాళ్టితో ఆపేస్తున్నాం. తస్లీమ్‌ని పిలవండి."

తస్లీమ్ నిలబడే అంతా వింది. విన్నాక రాబోయే ఆపరేషన్ల జాబితా తీసి లెక్కేసింది. మొన్నటి తుఫానుకి పైకప్పు కారి ఒక ఆపరేషన్ థియేటర్ మూతపడింది. ఉన్న ఒక్కదాంట్లోనే గుండె కేసులన్నీ జరగాలి. ఈ వారంలో ఒక్క చోటు ఖాళీ చెయ్యగలదు. రెండోది పది రోజుల తర్వాతే.

"వేరే ఆసుపత్రికి పంపితే?" అన్నాడు వరహాలరావు.

"ఇంత బలహీనమైన గుండెల్ని ముట్టుకునేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు. హైదరాబాద్ దాకా ప్రయాణం వీళ్ళు తట్టుకోలేరు," అంది. తర్వాత సలోమి వైపు తిరిగింది. "మీ ఆయన కాలు ఇంకా పూర్తిగా మానలేదు. అయినా తెగించి చెయ్యగలను. ఇది మిమ్మల్ని అడగకూడదు. కానీ ఆ అణువు సంగతి మీకు తెలిసినంత నాకు తెలీదు. ఇద్దరిలో ముందు ఎవర్ని చేస్తే ఎక్కువ మిగులుతుంది?"

 సలోమికి జవాబు తెలుసు. తస్లీమ్ అడగకముందే తెలుసు. బంగారమ్మకి ఒక్క డోసే వెళ్ళింది, అదీ ఈ మధ్యే. గోడలో చాలాభాగం ఇంకా నిలిచి ఉండాలి. ఇమ్మానుయేలుకి రెండు వెళ్ళాయి. మొదటిది తిన్నంత తినేసింది, రెండోది మిగిలినవాటిలో దూరి కూర్చుంది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, చెప్పలేనని అనేద్దామనుకుంది. చెప్పలేనంటే ఎవరూ తప్పు పట్టరు. కాలు సంగతి పక్కన పెట్టి తస్లీమ్ ఇమ్మానుయేల్నే ముందు తీసుకుంటుందని కూడా ఆమెకి తెలుసు, ఎందుకంటే ఆయన తమతో పనిచేసే మనిషి.

"బంగారమ్మ," అంది.

ఆ సాయంత్రం ఇమ్మానుయేలు వరండాలో కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. కెజియా పక్కనే కూర్చుని కమలాతొనలు వలుస్తోంది. సలోమి కూతుర్ని లోపలికి వెళ్ళమనలేదు. ఇద్దరికీ కలిపే చెప్పింది. మందు చేసిన పని చెప్పింది, రెండు డోసుల సంగతి చెప్పింది, పది రోజులు ఆగాలని చెప్పింది.

కెజియా చేతిలో తొన అలాగే ఉండిపోయింది. "నువ్వే చేశావు కదా మమ్మీ ఆ మందు," అంది.

"అవును."

"నీకు తెలీదా?"

"తెలీదు. తెలుసుకుని ఉండాల్సింది."

కెజియా లేచి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేసిన చప్పుడైంది. ఇమ్మానుయేలు వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా ఆయన మెడ దగ్గర నరం ఎగిరెగిరి పడుతోంది.

"ముందు ఎవరికని తస్లీమ్ నిన్ను అడిగుంటుంది," అన్నాడు కాసేపటికి.

"అడిగింది."

"ఏం చెప్పావు?"

"ఉన్నది చెప్పాను."

ఆయన అర్థమైనట్టు కళ్ళు మూసుకున్నాడు. కోపం వస్తుందేమో, కనీసం ఒక మాట అంటాడేమో అని ఆమె ఎదురుచూసింది. అంటే బావుండుననిపించింది కూడా. ఆయన చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నాకు భయంగా ఉంది సలోమీ," అన్నాడు. "ధైర్యంగా ఉన్నానని ఎవరితోనూ చెప్పకు."

బంగారమ్మకి వరహాలరావు తనే చెప్తానన్నాడు. సలోమి కూడా వెళ్ళింది. అరవై దాటిన మనిషి, చెవులకి పెద్ద కమ్మలు, ముఖాన రూపాయంత బొట్టు. మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మొత్తం వింది. అర్థం కానిచోట ఆపి మళ్ళీ చెప్పించుకుంది.

"అంటే ఏటి బాబూ? నా గుండె బతికుందో లేదో సూడ్డానికి మందెక్కించినారు. బతికే ఉందన్నారు. ఆ సూసిన మందే ఇప్పుడు సంపేస్తందంటన్నారు. అంతేనా?"

"అంతేనమ్మా," అన్నాడు వరహాలరావు.

"నానేటి మీ ఇంట పడ్డ ఎలకనా, మందెట్టి సూడ్డానికి?" ఆవిడ గొంతు వార్డంతా వినిపించింది. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. "మా కోడలు ఒద్దంటే ఇన్నాను కాదు. నలుగురికి పనికొస్తాది గదాని సంతకం ఎట్టినాను. నలుగురికి పనికొచ్చీదేనా ఇది?"

వరహాలరావు తల దించుకున్నాడు. సలోమి ముందుకొచ్చి, "తప్పు నాదమ్మా. ఆ మందు చేసింది నేను. ఎల్లుండే ఆపరేషన్ చేయించుకుంటే మీ గుండె లేస్తుంది. దయచేసి వద్దనకండి," అంది.

బంగారమ్మ ఆమెని కిందనుంచి పైదాకా చూసింది. "మీ ఆయనకీ ఇదే ఎక్కించినారంట గదా. నర్సమ్మ సెప్పింది."

"ఎక్కించాం. రెండుసార్లు."

"మరాయనకి కోత ఎప్పుడు?"

"మీ తర్వాత. పది రోజులకి."

 బంగారమ్మ పమిట అంచుని వేలికి చుట్టుకుని విప్పింది. "మా కోడల్ని పిలండి. సంతకం ఎట్టాల కదా," అంది. వెళ్ళబోతుంటే వెనకనుంచి, "డాక్టరమ్మా, నాకు నీ మీద కోపం పోనేదు. బతికినా పోదు," అంది.

ఆవిడ బతికింది. బైపాస్ అయిన మూడోరోజు అల్ట్రాసౌండ్‌లో ముందు గోడ సన్నగా, తడబడుతూ కదలడం కనిపించింది. నెల తిరిగేసరికి అది మామూలు గుండెలా కొట్టుకుంది.

ఇమ్మానుయేలుకి పది రోజుల తర్వాత చేశారు. తస్లీమ్ అతికించిన రక్తనాళాలు బాగానే పారాయి. రక్తం వెళ్ళింది గాని అందుకునేవాళ్ళు అక్కడ కొద్దిమందే మిగిలారు. గుండె ఎదురుచూసినంత లేవలేదు. ఆయన ఇంటికొచ్చాడు. వరండాలో కూర్చోగలిగాడు, చర్చికి రెండుసార్లు వెళ్ళగలిగాడు, కెజియా చదివి వినిపించే చరిత్ర పాఠాలు వింటూ తప్పులు పట్టగలిగాడు. సైక్లోట్రాన్ దగ్గరికి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. క్రిస్మస్ దాటాక ఒక ఉదయం సలోమి కాఫీ తెచ్చేసరికి, చూపు వీధి వైపే నిలిపి వెళ్ళిపోయాడు.

సమాధి దగ్గర జనం వెళ్ళిపోయాక కెజియా తల్లి చెయ్యి పట్టుకుంది. వరండాలో మందు సంగతి విన్న సాయంత్రం తర్వాత ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి. "నువ్వు వేరేలా చెప్పుంటే డాడీ బతికేవారా?" అని అడిగింది.

"ఇంకొంచెం ఎక్కువ కాలం, బహుశా. బంగారమ్మ బతికేది కాదు."

కెజియా చెయ్యి వదల్లేదు. క్షమించాననీ అనలేదు.

నివురు ఫ్రీజర్‌లో, పైన ఎర్రటి పట్టీతో, వాడరాదనే గుర్తుతో ఉండిపోయింది. వరహాలరావు రిటైరయ్యాడు. వెళ్ళేముందు జరిగిందంతా తన పేరు, సలోమి పేరు పెట్టి, పొల్లు పోకుండా ప్రచురించాడు. చాలామంది తిట్టారు. కొందరు మెచ్చుకున్నారు. సలోమికి రెండూ ఒకేలా వినిపించాయి. ఆమె వేరే ట్రేసర్ల పనిలో పడింది.

మరుసటి వేసవిలో తస్లీమ్ లాబ్‌కి వచ్చింది. కూర్చోకుండానే మొదలుపెట్టింది. "అనకాపల్లి దగ్గర పిండిమర నడుపుకునే మనిషి, నూకరత్నం. నిండా నలభై లేవు. షుగరు. ముందు గోడ కదలడం లేదు. చక్కెర స్కాన్‌లో ఏమీ తేలలేదు. బతికుందో లేదో తెలీకుండా నేను ముట్టుకోలేను. ముట్టుకోకపోతే ఏడాది కూడా బతకదు."

సలోమికి ఆమె ఏం అడగబోతోందో అర్థమైంది. "ఆ మాట నన్ను అడక్కండి."

"రెండో థియేటర్ ఇప్పుడు పనిచేస్తోంది. ఉదయం స్కాన్ చేద్దాం. వెలిగితే అక్కణ్ణుంచి నేరుగా బల్ల మీదికే. గంట ఆలస్యం ఉండదు. మీ పళ్ళేల్లో వారం దాకా ఏమీ కాలేదు కదా? కమిటీ ఈ షరతు మీదే ఒప్పుకుంది."

"కరెంటు పోతే? ఆ పిల్లకి జ్వరం వస్తే? మీకే ఏదైనా అయితే?"

"ఇంకో సర్జన్‌ని పక్కన ఉంచుతున్నాను. జ్వరం వస్తే అసలు సూదే వెయ్యం. అయినా ఏదో ఒకటి కావచ్చు, కాదనను." తస్లీమ్ గొంతు తగ్గించింది. "మందు చేసేది మీరు. వద్దంటే ఇంక అడగను."

రేపు చెప్తానంది సలోమి. ఇంటికెళ్ళి కెజియాకి చెప్పింది. కెజియా చదువుతున్న పుస్తకం మూసి, "ఆవిడకి అంతా చెప్తారా? డాడీ గురించి కూడా?" అంది.

"చెప్తేనే చేస్తాను."

"అయితే చెయ్యి."

డోసు తయారైన ఉదయం సలోమి దాన్ని మనిషిచేత పంపలేదు. సీసపు డబ్బాని బండి మీద పెట్టి తనే తోసుకుంటూ ఆసుపత్రికి వెళ్ళింది. ముందు థియేటర్ దగ్గరికి వెళ్ళి గుండె-ఊపిరి యంత్రం సిద్ధంగా ఉందా, రక్తం వచ్చిందా, తస్లీమ్ దుస్తులు మార్చుకుందా అని ఒక్కొక్కటే తన కళ్ళతో చూసుకుంది. ఆ తర్వాతే నూకరత్నం దగ్గరికి వెళ్ళింది. సన్నగా, కళ్ళు పెద్దవి చేసుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని పడుకుని ఉంది.

సలోమి స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది. ఇది లోపలికి వెళ్ళాక వెనక్కి తిరిగే దారి లేదని, వెలిగితే ఇవాళే గుండె తెరవాలని, ఆగితే ఈ మందే ప్రాణం తీస్తుందని. వెలగకపోతే ఆపరేషనూ లేదని.

"మీ ఇంట్లోవోళ్ళకైతే ఎక్కిస్తారా?" అంది నూకరత్నం.

"ఎక్కించాను. నలుగురికి ఇచ్చాం. ముగ్గురు బతికారు. బతకని మనిషి నా భర్త."

మొగుడు నూకరత్నం చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఒద్దే, ఎల్లిపోదాం," అన్నాడు గొణుగుతూ. ఆమె అతని వైపు చూసి, సలోమి వైపు చూసి, తెరిచున్న తలుపులోంచి ఆకుపచ్చ దుస్తుల్లో అటూఇటూ తిరుగుతున్న తస్లీమ్ వైపు చూసింది.

"మీరెక్కడికీ ఎల్లకుండా ఇక్కడే ఉంటారా?" అని అడిగింది.

"ఉంటాను."

నూకరత్నం మొగుడి చేతిలోంచి తన చేతిని విడిపించుకుని ముందుకు చాపింది.

మందు వెళ్ళింది. స్కానర్ తిరిగింది. సలోమి సీసపు అడ్డు వెనక నిలబడి తెర వైపు చూస్తోంది. ముందు అంచులు తేలాయి. తర్వాత ముందు గోడలో ఒక చుక్క, దాని పక్కన ఇంకొకటి, చూస్తుండగానే గోడంతా వెలుగు అల్లుకుంది.

ఎవరూ దాన్ని చూస్తూ నిలబడలేదు. స్ట్రెచర్ అప్పటికే కదిలింది.